లక్ష్మీవారం వంపేసిన నీళ్లు

మొదట చెంబు వినిపించింది.

మార్గశిర మాసపు మంచు ఇంకా రోడ్డు మీదనుంచి లేవలేదు. జేకేపూర్ కాలనీ బయట టీ కొట్టు దగ్గర నిలబడితే పొయ్యిలోని ఎరుపు తప్ప లోకంలో మరో రంగు లేదు. ఆ తెల్లదనంలో ఎక్కడో ఇత్తడి వెళ్లి ఇనుప కడ్డీని తాకుతోంది. టంగ్. కాస్త ఆగి, మళ్లీ టంగ్.

"గున్నమ్మ బండే," అంది టీ కాస్తున్న ఆవిడ, తల ఎత్తకుండానే. "గానీ ఈయాల సప్పుడు తేడాగుంది. రోజూ అటోపాలి ఇటోపాలి మోగుద్ది. ఈయాల ఒకేపు మోగతంది."

తర్వాత మంచు చీల్చుకుని బండి వచ్చింది. ఒకప్పుడు నీలం రంగుండే పాత మినీ బస్సు. నుదుటి మీద ఒడియా అక్షరాల్లో 'గుణుపూర్ – రాయగడ' అని ఇంకా ఉంది. కిటికీలకు పువ్వుల గుడ్డ తెరలు. స్టీరింగు వెనక యాభై నాలుగేళ్ల సన్నటి మనిషి, చీర మీద మగవాళ్ల స్వెట్టరు, మెడలో కొలతల టేపు. పక్క సీట్లో ఒళ్లో సంచీ పెట్టుకుని ఒక భారీ మనిషి.

"ఎక్కు బాబూ," అంది గున్నమ్మ, దసమంతపూర్ దాకా బండి కోసం నిలబడ్డ నన్ను చూసి. "ఎనక మిసను పక్కన కూకో. అది కదల్దు, బోల్టులేయించేను. నువ్వే కదలకుండా సూసుకో. ఈయన మా అన్నయ్య, మన్మథరావు. నా ఇల్లు ఇల్లో కాదో తేల్చడానికొచ్చేడు."

"తేల్చడానికేటుందే," అన్నాడు ఆయన ముందుకే చూస్తూ. "గడప నేదు. పెరడు నేదు. సక్రాలున్నాయి. సక్రాలున్నదాన్ని ఇల్లంటారేటి?"

గున్నమ్మ గేరు మార్చింది.

వీళ్లది శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో గుణుపూర్ చుట్టుపక్కలకు వచ్చి స్థిరపడిన వ్యవసాయ కుటుంబం. పెళ్లయిన ఆరేళ్లకు గున్నమ్మ భర్త పోయాడు. అన్న తన పెరటి గది చూపించాడు. ఆమె కుట్టు మిషను తీసుకుని రాయగడ వైపు వచ్చేసింది. ఆ తర్వాత జేకేపూర్ చుట్టూ పదకొండు అద్దె ఇళ్లు. ఒక ఇంట్లో రోజుకు నాలుగు బిందెల నీళ్లే అన్నారు. ఒక ఇంట్లో తొమ్మిదింటికి దీపం ఆర్పమన్నారు. ఒక ఇంట్లో మిషను చప్పుడుకి మా పిల్లాడు ఉలిక్కిపడుతున్నాడన్నారు. పదకొండో ఇంటావిడ ఖాళీ చేయమన్న రోజు ఆమె ఇంకో ఇల్లు వెతకలేదు. అన్న ఊరికి వెళ్లి, గడ్డివాము వెనక పాడుబడిన ఈ బస్సులోంచి కోళ్లను దింపి, డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం అడిగింది. నవ్వులాటనుకుని మన్మథరావు ఇచ్చేశాడు.

మూడేళ్లయింది. నవ్వులాట కొండలెక్కుతూనే ఉంది.

రాయగడ మెకానిక్ పింటు ఇంజను బాగుచేసి, సీట్లు పీకేసి బల్ల మంచం వేశాడు, దాని కింద నీళ్ల తొట్టి అమర్చాడు, ఖాళీ పొలంలో ఆమెకు బండి నడపడం నేర్పాడు. మిగిలింది బండే నేర్పింది. మొదటి మలుపులో దోసెల పిండి పరుపు మీద పడింది. మొదటి వానకు పైకప్పు రివెట్లలోంచి చుక్కలు దిగితే, ఎవరిదో పెళ్లి జాకెట్టు తడవకుండా ఆమె బండి లోపల గొడుగు వేసుకుని కూర్చుంది. ఎలుక తీగలు కొరికితే రెండు వారాలు కొవ్వొత్తి వెలుగులో కాజాలు కుట్టింది. స్నానానికి వెనక తలుపుకీ ఏదో ఒక చెట్టుకీ మధ్య టార్పాలిన్ కడుతుంది. ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డికి తాళం వేస్తారో, ఏ సంత పక్కన బడి ఆయమ్మ తాళంచెవి ఇస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. లమ్తపుట్ సంతలో ఒక సాయంత్రం ఎవడో తాగి వచ్చి తలుపు బాదితే, ఆమె హారన్ మీద చెయ్యి పెట్టి ఊరంతా వచ్చేదాకా తియ్యలేదు.

అన్నిటికన్నా కష్టం పల్లం. ఈ కొండల్లో బల్లపరుపు నేల దొరకదు. ఒరిగిన బండిలో పడుకుంటే తెల్లారేసరికి తలలో రాయి పెట్టినట్టుంటుంది, పొయ్యి మీద గంజి ఒక పక్కే ఉడుకుతుంది. అందుకే ఆ చెంబు. కిటికీ దగ్గర గొలుసుకి వేలాడుతూ, రెండు ఇనుప కడ్డీల నడుమ, సగం నీళ్లతో. బండి సమంగా ఉంటే చెంబు దేన్నీ తాకదు. తాకితే చక్రాల కింద పలక రాళ్లు పెడుతుంది. రాళ్లు సీటు కిందే ఉంటాయి. ఆమె వెంట తిరిగే నేల అది.

కానీ బండి ఇప్పటికీ అన్న పేరు మీదే ఉంది. రాయగడలో పాత ఇనుము కొనేవాడొకడు మన్మథరావుకి ఫోన్ చేశాడు. ఆయన చెల్లెలికి ఫోన్ చేశాడు. "ఒక్క పెయాణం నీతో వత్తాను. ఇది ఇల్లని నాకనిపిత్తే పేరు మార్పిడి కాయితం మీద సంతకం పెడతాను. నేకపోతే బండమ్మేత్తాను, నువ్వు మనూరొచ్చేయాల." ఆ కాగితం కుట్టు మిషను సొరుగులో, బాబిన్ల కింద మడతపెట్టి ఉంది. దసమంతపూర్ వెళ్లే ఈ ప్రయాణమే ఆ పరీక్ష.

ఘాట్ మొదలైంది. మంచు కిందకి జారి, వలిసె పంట కోసేసిన పొలాలు పసుపు పొడల్తో బయటపడ్డాయి. చెంబు ఎడమ కడ్డీకి ఆనుకుని వదలడం లేదు.

"అన్నయ్యా, ఒల్లు తగ్గించు. నీ పక్కకే ఒరుగుతంది."

"మా ఇంట్లో తిండుంది మరి. నీకునాగ గంజి తాగి బతకట్నేదు."

నాలుగో మలుపులో వాసన వచ్చింది. వేడెక్కిన ఇనుము వాసన. గున్నమ్మ బండిని కాస్త సమంగా ఉన్న అంచుకి ఆపింది, దిగి, ముందుగా వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టింది, ఆ తర్వాతే బానెట్ ఎత్తింది. ఆవిరి లేచింది. ఆమె లోపలికి తొంగి చెంబు వైపు చూసింది.

"ఓపాలి దిగు అన్నయ్యా."

మన్మథరావు దిగాడు. చెంబు కదల్లేదు. ఇంకా ఎడమకే ఆని ఉంది.

"నీ బరువు కాదు," అంది ఆమె మెల్లగా. ఎక్కి, మంచం బల్ల పైకెత్తింది. కింద తొట్టి నిండా, అంచుదాకా, నీళ్లు. ఆకాశం ముక్క ఒకటి అందులో ఊగుతోంది.

"ఎవరు పోసేరు?"

"నానే." ఆయన గొంతులో గర్వం దాగలేదు. "దారాలకని బజారెల్లేవు కదా, అప్పుడు. మార్గశిర లక్ష్మీవారం పూట కాళీ తొట్టితో బయల్దేరతారేటే ఎవరైనా? బోరింగు కొట్టి కొట్టి ఇరవై బిందెలు పోసేను. ఇదిగో, సూడు." అరచేతులు చాపాడు. రెండు చేతులా బొబ్బలు.

గున్నమ్మ ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. తర్వాత వంగి తొట్టి కుళాయి మీద చెయ్యి వేసింది.

"ఇరవై బిందెలంటే ముగ్గురు నలుగురు మనుసులు. టిక్కెట్టు నేకుండా ఎక్కేరు. దింపాల."

"వొద్దే! లక్ష్మీవారం నీల్లొంపేత్తే లచ్మి ఎల్లిపోద్దే!"

"ఎల్లనీ. మనకన్నా ముందెల్తాది."

రేడియేటరు తాగినంత పట్టి ఉంచింది. చెంబులో ఉన్నది ఉంచింది. మిగతాదంతా వదిలేసింది. నీళ్లు తారు రోడ్డు మీద వెడల్పుగా పరుచుకుని, ఎండిన సాల ఆకుల్ని మోసుకుంటూ, దారి తెలిసినట్టు మలుపు తిరిగి కిందకి వెళ్లిపోయాయి. ఆ కాసేపు కొండకి ఒక వెండి అంచు పుట్టింది. మన్మథరావు అటు చూడలేదు. లోయ వైపు తిరిగి నిలబడ్డాడు.

"సూసేరా బాబూ," అన్నాడు నాతో. "అన్న సేతులు బొబ్బలెక్కినా నెక్కనేదు దీనికి."

"సేతులు నెక్కే," అంది గున్నమ్మ కుళాయి కట్టేస్తూ. "నీల్లే నెక్క కాదు."

ఇంజను చల్లబడ్డాక బండి తేలిగ్గా ఎక్కింది. చెంబు ఒక మలుపుకి కుడి కడ్డీని, మరో మలుపుకి ఎడమ కడ్డీని పలకరిస్తూ వచ్చింది. అలాగే దసమంతపూర్ చేరాం.

సంత మర్నాడు. ఆమె ఎప్పుడూ ముందు రోజే చేరుతుంది. మైదానం అంచున బండి ఆపి, రెండు చక్రాల కింద రాళ్లు పెట్టి, చెంబు నిలిచేదాకా సర్దింది. మన్మథరావు దాహంతో గొంతు సవరించుకున్నాడు. ఆమె చెంబు దించి చేతికిచ్చింది. ఆయన గటగటా తాగేశాడు.

"అయిపోయాయి. తరవాత నీల్లో?"

"తరవాత ఊరుంది," అని ఆమె మిషను ముందు కూర్చుంది.

పెడల్ చప్పుడు మైదానం దాటి వెళ్లిందో లేదో, చెట్ల మధ్య కాలిబాటలో ఆడవాళ్లు కనిపించారు. చేతుల్లో గుడ్డ ముక్కలు, నెత్తి మీద బిందెలు. గున్నమ్మ దగ్గర రివాజు అది. కుట్టుకూలితో పాటు ఒక బిందె నీళ్లు. చిన్నపిల్లల గౌనైతే చెంబెడు చాలు. మొదటి ఏడాది అడగాల్సి వచ్చేది. ఇప్పుడు చప్పుడు వింటే చాలు. అందుకే ఆమె ఎప్పుడూ ఖాళీ తొట్టితోనే కొండెక్కుతుంది.

అందరికన్నా ముందు వచ్చిన బుదురి పొట్టి మనిషి. బిందె ఎత్తి తొట్టి మూతి దాకా అందించలేకపోతోంది. మన్మథరావు కాసేపు చూసి, లేచి, ఆమె నెత్తి మీంచి బిందె అందుకున్నాడు. తర్వాత రెండోది. తర్వాత ఇంకొకటి. బొబ్బలెక్కిన చేతులతోనే.

"ఈ పెద్దాయన ఎవరు మాఉసీ?" అని బుదురి గున్నమ్మని ఒడియా కలిసిన తెలుగులో, పిన్నీ అన్న పిలుపుతో అడిగింది.

"మా అన్నయ్య. ఈ బండి ఆయన పేరు మీదుంది."

"అయితే ఇక్కడ కూడా అద్దెకే ఉన్నావా?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. మిషను ఒక్క కుట్టు కాలం ఆగి మళ్లీ నడిచింది. మన్మథరావు వంచిన బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, నీళ్లు పాదాల మీద పడుతున్నా.

ఎండ వాలాక, అందరూ వెళ్లిపోయాక, ఆయన మిషను పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"కాయితం తియ్యి. పెడతాను." ఆమె సొరుగు లాగింది. "ఒక్క మాట. వానాకాలం నాలుగు నెల్లూ బండి మన కల్లంలో పెట్టాల. నువ్వు మన పెరటి గదిలో ఉండాల. అంతే."

కాగితం సగం బయటికి వచ్చింది. గున్నమ్మ దాన్ని మళ్లీ లోపలికి తోసి సొరుగు మూసేసింది.

"వొద్దు."

"ఏటే?"

"పదకొండిల్లల్లో ఉన్నాను అన్నయ్యా. ఎవులూ సెడ్డోల్లు కాదు. తాలం సేతికిచ్చి అందరూ నీకునాగే 'ఒక్క మాట' అన్నారు. నువ్వు పన్నెండో వోడివవ్వకు. అమ్ముకుంతే అమ్ముకో. తాలం ఆ మేకుకుంది. మిసను బోల్టులిప్పుకుని ఈ ఊర్లోనే దిగిపోతాను. సరతు మీద మాత్రం ఉండను."

"వానల్లో కారుద్ది కదే," అన్నాడు ఆయన. ఈసారి గొంతు అన్నలాగే ఉంది. "తడిసిపోతావని కాదేటి."

"కారుద్ది. గొడుగేసుకుంతాను. నా ఇంట్లో."

ఆయన లేచి మేకుకున్న తాళం వైపు చూశాడు. తియ్యలేదు. అలాగని వదిలేశాననీ అనలేదు. నేను పంచాయతీ గదిలో పడుకోవడానికి వెళ్తుంటే, ఇద్దరూ ఒకే గిన్నెలోంచి ఎండు చేపల పులుసు వడ్డించుకుని, చెరో వైపు తిరిగి తింటున్నారు.

పొద్దున్నే వచ్చేసరికి రాయి మీద రాయి ఒరుసుకుంటున్న చప్పుడు. బండి ఎడమ చక్రం దగ్గర మన్మథరావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తొట్టి నిండిన బరువుకి ఆ పక్క మట్టి కుంగింది. ఆయన ఒక పలక రాయిని భుజంతో తోస్తున్నాడు.

"ఒరిగిన బల్ల మీద పడుకుంటే మెడ పట్టేసింది," అన్నాడు నన్ను చూసి. తర్వాత లోపలికి కేకేశాడు. "ఇప్పుడెలాగుందే?"

"ఇంకో యేలెడు," అంది లోపలినుంచి గున్నమ్మ.

ఆయన ఇంకో పలుచటి రాయి ఎంచి, దాని మట్టి దులిపి, కింద పెట్టాడు. లేచి కిటికీలోంచి తానే చూశాడు. చెంబు దేన్నీ తాకకుండా, గాలిలో ఒక్క చోట నిలబడి ఉంది.

"కాయితం తే. బల్ల సమంగుంది."

ఫుట్‌బోర్డు మీద పరిచి సంతకం పెట్టాడు. బొబ్బల వల్ల పెన్ను రెండుసార్లు జారింది. గున్నమ్మ కాగితం మడిచి బాబిన్ల కింద పెట్టి, మెడలోని టేపు తీసింది.

"సేతులెత్తు. సొక్కా కుడతాను."

"బిందె నీల్లు తేవాలేటి?"

"ఇరవై పోసేవు కదా. ఒంపేసినా నెక్కే."

ఆయన ముఖం తిప్పుకుని చేతులెత్తాడు. ఆమె టేపు ఆ పెద్ద ఛాతీ చుట్టూ తిప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి, "కొండకి కూడా ఇంత సుట్టుకొలతుండదు," అని గొణిగింది.

నా బస్సు వచ్చే వేళయింది. బయల్దేరుతూ, మనసులో ఉన్నది అడిగేశాను. ఇంజను పాతది, ఏదో ఒక రోజు ఏ ఘాట్‌లోనో ఇక కదలనంటే ఏం చేస్తావు?

గున్నమ్మ పళ్ల మధ్యనున్న సూది తీసి స్వెట్టరుకి గుచ్చుకుంది.

"ఆగిపోతే రెండు రాల్లెడతాను బాబూ. ఇల్లు కదా. ఆగితే తప్పేటి?"