చక్రం కింద నిమ్మకాయ

కేసు కొట్టేశారు. నాంపల్లి కోర్టు మెట్లు దిగుతూ, ఇక రేపటి నుంచి స్టీరింగ్ పట్టుకోవచ్చని సంబరపడ్డాను. ఎంత పిచ్చివాణ్ణో!

జరిగింది ఇంతే. తెల్లవారుజామున పప్పుల లోడుతో మొజంజాహీ మార్కెట్ మలుపు తిరుగుతుంటే ఒక ఆటో రాంగ్ రూట్‌లో ఎదురొచ్చింది. దాన్ని తప్పించబోయి లారీని డివైడర్ ఎక్కించాను. అయినా బంపర్ అంచు తగిలి ఆటో పల్టీ కొట్టింది. ఆటో ఆయన కాలు విరిగింది. మన దగ్గర ఏ రెండు బండ్లు గుద్దుకున్నా తప్పు పెద్ద బండిదే కనుక కేసు నా మీద పడింది. చివరికి ఆ ఆటో ఆయనే కుంటుకుంటూ కోర్టుకు వచ్చి, ఎదురొచ్చింది తానేనని చెప్పి వెళ్ళాడు. ఆగిన లైసెన్సు కూడా తిరిగి చేతికొచ్చింది. ఇంకేం కావాలి?

ముందు అబిడ్స్‌లో ఒక పార్సిల్ సర్వీసు ఆఫీసుకు వెళ్ళాను. పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి, చెమట తుడుచుకుని, ఏసీ గదిలో బుద్ధిగా కూర్చున్నాను. మేనేజరుకు నా కొడుకు వయసుంటుంది. లైసెన్సు చూసి ముచ్చటపడ్డాడు.

"యాక్సిడెంట్ గిట్ల ఏమన్న అయిందా అంకుల్?"

"అయింది. కేసు కొట్టేసిన్రు."

"అంటే అయింది గద. మాకు ఎన్నడూ కానోళ్ళే కావాలె."

ఎన్నడూ కానివాడు కావాలంటే, బండిని షెడ్డులోంచి బయటికి తియ్యనివాణ్ణి వెతుక్కోవాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి బయటికొచ్చాను.

ఇలా కాదని ఉస్మాన్‌గంజ్‌లో నా పాత సేఠ్ దగ్గరికే పోయాను. ఆయన లారీల మీదే నా వయసంతా గడిచింది. చాయ్ తెప్పించాడు, భుజం తట్టాడు, పిల్లల గురించి అడిగాడు. అసలు మాట ఎత్తేసరికి గడ్డం గోక్కున్నాడు.

"కోర్టు ఇడిసిపెట్టింది, ఔ. గాని నీ చేతి మీద కీడు ఉన్నది గదా. జుమ్మేరాత్ నాడు నాంపల్లి దర్గాకు పోయి రా."

గురువారం దర్గాకు పోయి పూలు సమర్పించి వచ్చాను. "ఇప్పుడు మూఢం నడుస్తున్నది, ఎల్లనియ్యి" అన్నాడు సేఠ్. మూఢం వెళ్ళింది. "మంచిగ ఆంజనేయస్వామికి ఆకుపూజ చేపియ్యి" అన్నాడు. అదీ చేయించాను. ఇంతమంది దేవుళ్ళను చుట్టినవాడు ఈపాటికి సన్యాసుల్లో కలిసిపోవాలి, నాకు లారీ మాత్రం దొరకలేదు. చాయ్ హోటల్ దగ్గర తోటి డ్రైవర్లు మరీ విసిగించారు. "ఏందన్నా, మళ్ళ ఎక్కుతవా? నీకు ఫికర్ లేదా?" అని ఒకడు. జాతకం చూపించుకొమ్మని ఇంకొకడు. రాంగ్ రూట్‌లో వచ్చేవాణ్ణి మాత్రం ఎవరూ ఏ గుడికీ పొమ్మనరు!

నాంపల్లి స్టేషన్ వెనక మా కిరాయి ఇంట్లో కూర్చుని కూర్చుని గోడలకే చిరాకు తెప్పించాను. లారీ నడపడం తప్ప నాకు ఏ పనీ రాదు. అది లేకపోతే నేనెవరో నాకే తెలియడం లేదు. ఆ మాట ఒకరోజు మా ఆవిడతో అనేశాను. ఆమె అన్నం పెట్టింది.

ఎట్టకేలకు సేఠ్ ఒప్పుకున్నాడు. దానికీ ఒక షరతు. "నిమ్మకాయలు మా అల్లుడు తొక్కిస్తడు. గల్లీ దాటినంక నువ్వు ఎక్కు."

బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా దగ్గర మామూలే. ఆ మొదటి కదలిక నా చేతి మీదుగా జరగకూడదట. సరే అన్నాను. తిక్క రేగినా సరే అన్నాను.

పొద్దున్నే బయల్దేరుతుంటే మా ఆవిడ నా చొక్కా జేబులో ఒక నిమ్మకాయ వేసింది. "నువ్వు కూడానా?" అని అరిచాను. తీసి పారేసే తీరిక లేక అలాగే వెళ్ళాను.

ఉస్మాన్‌గంజ్ గల్లీలో ఎండుమిర్చి బస్తాలు ఎక్కించిన లారీ సిద్ధంగా ఉంది. అల్లుడుగారు దర్జాగా ఎక్కి, నిమ్మకాయలు తొక్కించి, నాలుగడుగులు వెళ్ళి, ఒక దుకాణం ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప రేకుకు బండిని ఇరికించాడు. అద్దం వంగింది, రేకు చిరిగింది. వెనక తోపుడు బండ్లు, ఆటోలు, హారన్లు. కాసేపట్లో సిటీలో లారీలు తిరగకూడని వేళ మొదలవుతుంది.

సేఠ్ నా వైపు తిరిగాడు. "నువ్వెందుకు ఎదురుంగ నిలబడ్డవ్?"

ఆ క్షణంలో నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నేను నోరు తెరిచేలోపే అల్లుడు దిగిపోయి చేతులెత్తేశాడు. "జర నువ్వే తియ్యరాదు" అన్నాడు సేఠ్, గొంతు తగ్గించి.

ఎక్కాను. అద్దం సరిచేశాను. రివర్స్ గేరు వేశాను. వెంటనే న్యూట్రల్‌లోకి తెచ్చేశాను. ఆ మలుపు, ఆటో పల్టీ కొట్టిన చప్పుడు, అన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఇన్నాళ్ళూ లోకాన్నంతా తిట్టుకుంటూ తిరిగానే గాని, నాకు భయమని ఎవరితోనూ అనలేదు. మా ఆవిడకు మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది.

కిందికి దిగి, జేబులోని నిమ్మకాయ తీసి ముందు చక్రానికి వెనకవైపు పెట్టాను, బండి మొదట వెనక్కే పోవాలి కనుక.

"తొక్కిచ్చినం గద, మళ్ళ ఇదేంది?" అన్నాడు సేఠ్.

"అవి మీ బండికి సేఠ్. ఇది నాకు."

మళ్ళీ ఎక్కి బండిని వెనక్కి తీశాను. నిమ్మకాయ చితికింది. రేకు వదిలింది. మెల్లగా బండి సర్దుకుని గల్లీ చివరికి వచ్చేసరికి ఒక ఆటో అడ్డంగా దూరింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. లారీ ఆగింది. ఆటోవాడు తల బయటపెట్టి, "ఏయ్ లారీ! కండ్లు కనవడ్తలెవ్వా?" అని అరిచి వెళ్ళిపోయాడు.

తప్పు వాడిది, తిట్టు నాకు. ఎన్నాళ్ళకు మళ్ళీ నన్నొకడు లారీ అని పిలిచాడు! చెయ్యి ఊపి, గేరు వేశాను.