ఘోరంగారి కంప్యూటర్లు

మా వీధిలో ఒకాయనకి ఒక్కటే జబ్బు. దేని గురించైనా సరే, మంచి అడగడు, మామూలు అడగడు, ఘోరం ఎంత అని అడుగుతాడు. అందరూ బస్సు ఎన్నింటికని అడిగితే, ఈయన మరీ ఘోరంగా లేటైన రోజు ఎంత లేటైందని అడుగుతాడు. మామూలుగా వారంలో తగ్గిపోతుందని డాక్టరు అంటే, మామూలు సంగతి నాకెందుకండీ, ఘోరం ఎంతో చెప్పండని డాక్టరుకే చెమటలు పట్టిస్తాడు. మా అన్నయ్య మనవరాలికి సంబంధం చూడడానికి ఈయన్ని వెంటబెట్టుకు వెళ్ళడం నా బుద్ధితక్కువ. పెళ్ళికొడుకు పక్కన కూర్చుని, "బాబూ, నీకు కోపమే రాదన్నారు, సంతోషం. వచ్చిన రోజు ఘోరం ఎంత?" అన్నాడు. ఆ అబ్బాయి తల్లి వైపు చూశాడు. తల్లి ఇంటికప్పు వైపు చూసింది. సంబంధం ఎలాగో కుదిరిందనుకోండి. వీధి మాత్రం ఆయనకి ఘోరంగారని పేరు పెట్టేసింది. అలా పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆయన షెడ్డు మా వీధి చివర. అందులో ఇత్తడి ముక్కలు చెక్కే మిషను ఒకటి, దాన్ని నడిపే కంప్యూటరు ఒకటి. ఆ కంప్యూటరు ఎంత పాతదంటే, దాని తెల్లరంగు పసుపుపచ్చగా మారి, అదీ పోయి గోధుమరంగులోకి దిగింది. ఇంత ముసలిదాన్ని పెట్టుకున్నావేం తమ్ముడూ అని ఒకసారి అడిగాను. నాకు తెలుసుకోకపోతే అన్నం సహించదు.

"పెద్దక్కా, తాడాటలో తాడు తిప్పేవాడు ఎంత జోరుగా తిప్పాడన్నది కాదు. వెయ్యిసార్లు సరిగ్గా తిప్పి ఒక్కసారి తడబడ్డాడనుకో, ఎగిరేవాడి మూతి పగులుతుంది. ఇక్కడ తిప్పేది కంప్యూటరు, ఎగిరేది నా ఇత్తడి."

"మరి కొత్తవి ఇంకా చురుగ్గా ఉంటాయిగా."

"చురుకే. పనులూ ఎక్కువే. అడక్కుండానే కొత్త సరుకు దించుకుంటాయి. ఒళ్ళు వేడెక్కిందేమోనని తమ నాడి తామే పట్టి చూసుకుంటాయి. ఆ కాసేపు నా మిషను గాలికి."

ఈ ముసలిది పోతే ఇంకోటి కావాలి కదా అని, ఎవరింట్లో కంప్యూటరు పక్కన పడేసినా మోసుకొచ్చేవాడు. పరీక్ష పేరుతో దాన్ని పెట్టే బాధ చూడాలి. తెరమీద రెండు సినిమాలు ఒకేసారి ఆడించేవాడు. ఇంతింత లావు ఫైళ్ళు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మోయించేవాడు. మౌసు పట్టుకుని బొమ్మల్ని ఈ మూలనుంచి ఆ మూలకి ఈడ్చేవాడు. గయ్యాళి అత్త కూడా కొత్తకోడల్ని అంత సతాయించదు. తెరలో ఓ మూల చిన్న గడిలో ఒక అంకె ఉండేది. అప్పటిదాకా ఆ కంప్యూటరు చేసిన ఆలస్యాలన్నిటిలోకీ ఘోరమైనది అదన్నమాట. సెకనుని పదిలక్షల ముక్కలు చేసి అందులో లెక్కట. ఆ అంకె పెరగడమే గాని తగ్గడం లేదు, మా అత్తగారి దగ్గర నా తప్పుల్లాగా.

నాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. కంప్యూటరు నెగ్గితే ఈయన మొహం వేలాడేది. మూడు రోజులు సరిగ్గా ఉన్న కంప్యూటరు నాలుగో రోజు తడబడితే మాత్రం రెండో కప్పు టీ అడిగి మరీ తాగేవాడు. సంబంధం చెడిపోతే సంబరపడే పెళ్ళిళ్ళ పేరయ్యని నేనెక్కడా చూడలేదు.

అసలు సంగతి తెలియాలంటే ఆయన బావమరిది గురించి చెప్పాలి. షెడ్డులో కంప్యూటరు పని అంతా ఒకప్పుడు అతనే చూసేవాడు. స్విచ్చుల మీద పేర్లు అతని చేతిరాతే. నీలి సిరా అక్షరాలు చెరిగిపోతున్నకొద్దీ ఘోరంగారు అదే వంకరతో మళ్ళీ దిద్దుతాడు. అతను కూర్చునే స్టూలు మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వడు. కాలు ఊగుతుందంటాడు. ఆయన లేనప్పుడు కూర్చుని చూశాను, ఏమీ ఊగదు.

ఆరేళ్ళ కిందట ఆ బావమరిది ఒక కొత్త కంప్యూటరు ఎంచి తెచ్చాడు. రెండు రోజులు పరీక్షించాడు, అద్భుతం అన్నాడు, మిషనుకి పెట్టాడు. పంపుల కంపెనీకి చేసిన ముక్కల్లో అక్కడొకటి ఇక్కడొకటి వెంట్రుకవాసి తేడా వచ్చి, మొత్తం సరుకు తిరిగొచ్చింది. కంపెనీవాళ్ళ ముందే ఘోరంగారు, "నీ కొత్త మోజు నా కొంప ముంచిందిరా" అన్నాడు. అన్నది ఆ ఒక్క మాటే. అతను తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. ఎక్కడో వేరే ఊళ్ళో సైకిళ్ళ కొట్లో పనిచేస్తున్నాడు. తోడబుట్టిన అక్క, అంటే ఘోరంగారి భార్య, ఎన్నిసార్లు వెళ్ళి బతిమాలినా రాలేదు. నన్ను నమ్మి పని ఎవరు చేయిస్తారే అన్నాడట.

ఓ మధ్యాహ్నం షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నాను. బల్లమీద పుస్తకం ఉంది. పుస్తకం ఉంటే తెరవకుండా ఎలా ఉంటాను? నా చదువు ఐదో తరగతి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ప్రతి పేజీలో ఒక కంప్యూటరు, దాని అంకె. కింద ఉత్తరంలా ఓ ముక్క: "చూశావా, ఇది కూడా రెండు రోజులు బుద్ధిగానే ఉంది. మూడో రోజు మోసం చేసింది." ఇరవై మూడు పేజీలు. అన్నీ బావమరిదికే.

మంచి కంప్యూటరు వెతుకుతున్నాడని ఊరంతా అనుకుంటే, ఈయన ఆరేళ్ళుగా వెతుకుతున్నది చెడ్డవాటిని.

ఆయన రాగానే నిలదీశాను. పంపలేదేం మరి?

"ఇవి చూపిస్తే అవి వేరే రకాలు బావా అంటాడు. వాడు కొన్నదాన్నే కోపంలో తుక్కుకి ఇచ్చేశాను. ఆ రకంది దొరకాలి పెద్దక్కా. అది కూడా రెండు రోజులు దాటాక తడబడితేనే, తప్పు తనది కాదని వాడు నమ్ముతాడు."

ఇన్నాళ్ళూ నా చెవిన ఎందుకు వెయ్యలేదని చివాట్లు పెట్టాను. ఎవరింట్లో ఏ మూల ఏముందో నాకు తెలియందేమిటి? ఆ రకం చీటీ మీద రాయించుకుని, ఒక్కో గడపా ఎక్కి కంప్యూటరు వెనక్కి వంగి చదవడం మొదలుపెట్టాను. పదకొండో రోజున ఫోటో స్టూడియోలో, తెర వెనక, దొరికింది. పువ్వులకుండీ పెట్టుకున్నారు దాని మీద.

పరీక్ష మొదలైంది. ఒక కంప్యూటరు చెడిపోవాలని మా వీధి మొత్తం కోరుకోవడం అదే మొదలు. మొదటి రోజు బంగారంలా ఉంది. రెండో రోజూ బంగారమే. ఘోరంగారు అన్నం ముట్టలేదు. ఇది నిజంగానే మంచిదైతే తప్పు కంప్యూటరుది కాదు, దాన్ని మిషనుకి పెట్టిన బావమరిదిదే అయిపోతుంది. ఆయన భార్య ఆ తెర ముందు నిలబడి, "నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి ఆలస్యం చెయ్యవే తల్లీ" అని బతిమాలింది.

మూడో రోజు టీ వేళకి అంకె గంతేసింది. చిన్న గంతు కాదు, ఇరవై రెట్లు.

బావమరిదికి ఫోను నేనే కలిపి ఘోరంగారి చేతికిచ్చాను, అందరికీ వినపడేలా పెట్టి.

"నువ్వు కొన్న రకమేరా. తడబడింది."

అవతల కొట్లో గాలిపంపు చప్పుడు ఆగింది. తర్వాత, "ఎప్పుడు?" అన్నాడు.

"మూడో రోజు."

"నేను రెండు రోజులే చూశాను బావా."

"అదేరా చెప్తున్నది. నేనైతే ఒక్క పూట చూసి కొనేవాణ్ణి. తప్పు నాది. ఆ మాటతో సహా."

బావమరిది ఫోను పెట్టేశాడు. వస్తానని గాని, రానని గాని అనలేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ ఘోరంగారు వీధి మలుపు వైపు చూస్తూ మూడు ముక్కలు పాడుచేశాడు, ముసలి కంప్యూటరు తప్పేమీ లేకుండా.

ఐదో రోజు పొద్దున బావమరిది సంచీతో దిగాడు. ఎవర్నీ పలకరించలేదు. తిన్నగా వెళ్ళి ఆ ఫోటో స్టూడియో కంప్యూటరు మూత విప్పి, రెండు చేతులూ లోపల పెట్టి కూర్చున్నాడు. అక్క గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"చేతులు ఖాళీ లేవే" అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ గ్లాసు అతని నోటికి అందించి, ఒక్కో గుక్కకీ ఒక్కో ఏడాది తిట్లు తిట్టింది. అతను బుద్ధిగా తాగాడు. ఘోరంగారు గోడవైపు తిరిగి పదునుగా ఉన్న పనిముట్టుకే మళ్ళీ పదును పెడుతున్నాడు. ఇంటివాళ్ళ మధ్య పరాయిదాన్ని ఉండకూడదని తెలుసు. అయినా నేను కదల్లేదు. ఆ కంప్యూటరు వెతికింది ఎవరు మరి?