బొబ్బిలి వియ్యంకుడికి రాతిరొయ్యలు

నా చిన్నప్పుడు మా కళింగపట్నంలో రాతిరొయ్య రోజూ తినే కూర కాదు. మూరెడు పొడుగు, వీపంతా ముళ్ళు, బెత్తాల్లాంటి మీసాలు. ఇంటికి గొప్ప చుట్టం వస్తేనే కొనేవారు. ఆ రోజు వస్తున్నది మా చిన్నాన్న మామగారు. పెళ్ళయ్యాక కూతురి కాపురం చూడడానికి బొబ్బిలి నుంచి మొదటిసారి వస్తున్నారు. పిల్లని ఎక్కడో సముద్రం ఒడ్డున, ఎరగని మనుషుల మధ్య పడేశానన్న బెంగతో ఆయన తిండి కూడా సరిగ్గా తినడం లేదని కబురొచ్చింది. తాను సుఖంగా ఉన్నానని నాన్నకి చూపించాలని మా పిన్ని, "నానే వండుతానత్తమ్మా," అని పట్టుబట్టింది.

మా నాయనమ్మ సరేనంది. తలలు విరిచి చారుకని తీసి పెట్టి, తోకలు పిన్నికి అప్పగించి, అరటాకులు కోయించడానికి తోటకి వెళ్ళింది. పిన్ని పుట్టింట్లో వండిందంతా మేకమాంసమే. అది ఎంతసేపు ఉడికితే అంత మెత్తన. తోకల్ని కూడా అలాగే దాకలో వేసి, మూత పెట్టి, కట్టెలు ఎగదోసింది. మెత్తబడలేదని మళ్ళీ నీళ్ళు పోసి మరీ ఉడికించింది. ఎప్పుడు రుచి చూపిస్తుందా అని నేను పొయ్యి దగ్గరే కాసుకుని కూర్చున్నాను. చివరికి ఒక ముక్క నా నోట్లో పెట్టింది. నమిలాను, నమిలాను, దానికంటే చెప్పుతోలు నయం. పిన్ని కూడా ఒకటి కొరికి చూసుకుని, అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. అప్పటికే వీధిలో బండి ఆగిన చప్పుడైంది.

నాయనమ్మ వచ్చి దాకలోకి చూసింది, కోడలి మొహంలోకి చూసింది. ఆవిడ నోటికి ఊరంతా హడలే కనుక, ఇంక పిన్ని పని అయిపోయిందనుకున్నాను.

"ఏటమ్మా, నువ్వేడిస్తే అది మెత్తబడతాదేటి? లే, రోలు కడుగు," అంది.

ఇద్దరూ పెంకులు ఒలిచారు. ఫలహారానికని నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి ఆ ముక్కల్ని కసిదీరా దంచారు. వడలు తట్టి నూనెలో వేస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. ఈ సంగతంతా వీధరుగు మీద కూర్చున్న బొబ్బిలి తాతయ్యకి చెప్పేద్దామని నేను వీధిలోకి పరుగెత్తబోయాను. నాయనమ్మ జడ పట్టుకుని లాగి, వేడి వేడి వడ నోట్లో కుక్కి, "తిను, మాటాడకు," అంది.

భోజనాల దగ్గర మా సొంత తాతయ్య ఆ వడ చూసి తలెత్తారు. రాతిరొయ్యని వడగా తట్టడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాయనమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన గబగబా తినేసి, ఇంకో రెండు వెయ్యమన్నారు. "మీ అమ్మాయే సేసింది అన్నయ్యా, మా ఊర్లో ఇది ఎవులికీ రాదు," అంది నాయనమ్మ, చాలా గర్వంగా. అందులో అబద్ధం ఏముంది!

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిన బొబ్బిలి తాతయ్యకి, అక్కడ తోమడానికి వేసిన దాక అడుగున మిగిలిన ముక్క కనబడింది. నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. ఆయన చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం బండెక్కే ముందు నాయనమ్మకి దండం పెట్టి, "సెల్లెమ్మా, ఆ దాకలో ముక్క తిన్నాను. ఇంక మా పిల్ల గురించి నాకు బెంగ లేదు," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

"ఏ ముక్క అన్నయ్యా? నాకేటీ తెల్దు," అంది నాయనమ్మ. ఆయన నవ్వుకుంటూ వెళ్ళారు. ఆయన బండి మలుపు తిరిగాకే, పెంకు ఎర్రబడగానే రాతిరొయ్యని దింపెయ్యాలని నాయనమ్మ పిన్నిని పక్కకి పిలిచి చెప్పింది.

ఇప్పుడు నాకూ కోడళ్ళున్నారు. వంటింట్లో ఏది మాడినా ముందు నాకు కోపమే వస్తుంది, నాకొచ్చిన నోరు మా నాయనమ్మదే. కానీ తెరవబోయే ముందు, ఆ పిల్లని కన్న తండ్రి గుమ్మంలో నిలబడి వింటున్నాడనుకుంటాను.