ఖాళీ కాటా చూసే మనిషి

నా భార్య పోయిన సంగతి తెలియనివాళ్లు ఇంకా కొందరున్నారు. గ్యాస్ కంపెనీ వాళ్లు అందులో ఉన్నారు. దినాలు అయిన తరువాత ఒక ఉదయం ఫోన్ వచ్చింది.

"మేడం ఉన్నారా సార్? మీటరు కంప్లయింటు ఆమె పేరు మీద ఉండాది."

లేదన్నాను. ఎప్పుడొస్తారని అడిగాడు. పోయిందని చెప్పవలసి వచ్చింది.

"సారీ సార్. అయితే కంప్లయింటు మూసేద్దామా?"

అలా అడుగుతారని ఆమెకు ముందే అనుమానం. ఆస్పత్రి మంచం మీద చెప్పింది: "నేను లేనప్పుడొస్తారు, చూడండి. మీకు మొగమాటం ఎక్కువ. దుడ్లు చేతిలో పెట్టి పంపించేస్తారు. పెట్టొద్దండి."

మూయవద్దు, మనిషిని పంపమన్నాను.

ఆమెది కంబదూరు దగ్గర పల్లె. శనక్కాయలు అమ్మేటప్పుడు వాళ్ల నాయన వ్యాపారి కాటా దగ్గర ఆమెను నిలబెట్టేవాడట. బస్తా ఎక్కించకముందు ఖాళీ కాటా ముల్లు ఎక్కడ నిలుస్తుందో అక్కడ పసుపు చుక్క పెట్టడం ఆమె పని. బస్తా దించాక ముల్లు మళ్లీ ఆ చుక్క దగ్గరికే రావాలి. రాకపోతే ఆ వ్యాపారికి అమ్మేవాడు కాదు.

"ఖాళీగా ఉన్నప్పుడే చూడాల. నిండినాక ఏం తెలుస్తాది?" అనేది. పెట్రోలు బంకులో నాకంటే ముందు స్కూటర్ దిగి సున్నా చూసేది. పాలు కొలిచే గ్లాసు తిరగేసి అడుగు తడిమేది. చివరికి సెలైన్ సీసాను కూడా నమ్మలేదు.

పక్కింటి అమ్మాయి ఒకసారి ఎగతాళి చేసింది. "అన్నను చేసుకునేటప్పుడు కూడా సున్నా చూసినావా వదినా?"

"మా నాయన చూసినాడు పాపా. సున్నానే ఉండాదని చేసినాడు."

లోపలినుంచి విన్నాను. విననట్టే ఉన్నాను.

మా వీధికి పైపు గ్యాస్ వచ్చిన కొత్తలోనే ఆమెకు బిల్లు మీద అనుమానం పుట్టింది. పొయ్యి ఆర్పి, మీటరు పక్కన ఇంట్లోకి పోయే గ్యాస్ కుళాయి కట్టేసింది. పోపు పెట్టిన చేత్తోనే మీటరు అద్దం మీద, చివరి అంకె ఎదురుగా, పసుపు చుక్క పెట్టింది. వంట లేదు, మంట లేదు. సాయంత్రానికి ఆ అంకె చుక్కను దాటిపోయింది. లీకేమోనని నేను సబ్బు నురగ పూసి చూశాను. ఎక్కడా బుడగ లేదు.

కంపెనీ కుర్రవాడు వచ్చాడు. మీటరు పాడైన మాట నిజమేనన్నాడు. ఆ వెంటనే చుక్క వైపు వేలు చూపించాడు.

"ఆయుధ పూజకు పసుపు పూసి కడిగినట్టుండారు. నీళ్లు లోపలికి పొయ్యింటాయి. కొత్తదానికి మీరే కట్టాలమ్మా."

"నీళ్లా? ఈ అనంతపురంలో మీటరుకు పోసేంత నీళ్లు ఎవురింట్లో ఉండాయప్పా?"

"అట్లంటే ఎట్లమ్మా?"

"మీటరెవురిది?"

"కంపెనీది."

"సీలెవురిది?"

"అదీ కంపెనీదే."

"బాగున్నన్నాళ్లూ మీది, చెడిపోతే నాదా? ఇదేం లెక్కప్పా?"

అడిగి చెబుతానని పోయాడు. ఆ జవాబు రాకముందే ఆమె ఆస్పత్రిలో చేరింది.

మొన్న మళ్లీ ఆ కుర్రవాడే వచ్చాడు. సంచిలో కొత్త మీటరుంది.

"అమ్మ లేదు. ఇంక ఈ గొడవెందుకు సార్? కట్టేయండి, ఇప్పుడే బిగిస్తా."

జాలిగానే అన్నాడు. ఆ జాలి మీదే నాకు అనుమానం వచ్చింది. నా చెయ్యి జేబు దాకా పోయింది. వెనక్కి తీసుకున్నాను.

"కుళాయి కట్టెయ్యప్పా. ఖాళీగా ఉన్నప్పుడు చూద్దాం."

ఇద్దరం మీటరు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అతను ఫోన్ చూసుకుంటూ, మధ్యమధ్య అద్దం చూస్తూ ఉన్నాడు. అంకె నెమ్మదిగా చుక్కను దాటింది. అతనే ముందు చూశాడు. లేచి, సీలు పట్టి చూసి, ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"లేదు సార్, కుళాయి కట్టేసినా తిరుగుతాండాది. సీలు సీలు మాదిరే ఉండాది, తేమ కూడా లేదు. లోపలి మిషనే పోయింది. కస్టమరుది ఏం లేదు సార్."

"ఎవరు కట్టేది?" అన్నాను.

"కంపెనీనే సార్."

"ఆ మాట రాసివ్వు."

నవ్వాడు. "మీరూ అమ్మ మాదిరే ఉండారే!" రాసిచ్చాడు.

కొత్త మీటరు బిగించి, పనిముట్లు సర్దుకుని, "అయిపోయింది సార్" అన్నాడు.

ఆగమన్నాను. పసుపు డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు. వంటింట్లో వెతుక్కోవలసి వచ్చింది. వేలు తడిపి, ముంచి, తెచ్చి కొత్త అద్దం మీద చుక్క పెట్టాను. కుళాయి కట్టేయమన్నాను.

అతను కట్టేశాడు. పాత మీటరు అతని సంచిలోంచి సగం బయటికి కనబడుతోంది, అద్దం మీద ఆమె చుక్కతో.

చాలాసేపటికి అన్నాడు. "కదల్లేదు కదా సార్?"

"ఇంకాసేపు చూద్దామప్పా."

ఎండ గోడ మీదికి వచ్చింది. ఇంట్లో పొయ్యి ఆరి ఉంది. అంకె చుక్క దగ్గరే నిలిచి ఉంది.