వాన సున్నా, ఓవర్

నోలీన్ హాగర్టీ పుట్టాక నేర్చిన మొదటి మాట "అమ్మ" కాదు, "ఓవర్" అని మరింగా ఊరి చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. పెళ్ళిలో పాదిరిగారు "ఈ క్లెమ్‌ను భర్తగా స్వీకరిస్తావా" అని అడిగితే "స్వీకరిస్తాను, ఓవర్" అందనీ, పాదిరిగారు ఏం చెయ్యాలో తోచక "సరే, ఓవర్" అన్నారనీ, ఆ తరవాత ఎవరి వంతో తెలియక చర్చి మొత్తం పావుగంట బొమ్మల్లా నిలబడిందనీ కూడా చెబుతారు. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో తేల్చగలిగిన మనిషి ఒక్కతే, ఆవిణ్ణి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో అక్కడ ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఎనభై తొంభై కిలోమీటర్ల ఎర్రమన్ను, దారిలో పలకరించడానికి కంగారూలు. ఫోన్లు లేవు. ప్రతి వంటింట్లోనూ ఒక రేడియో పెట్టె ఉండేది. మీట నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరిదీ గరగరే. అందుకని మాట అయిపోగానే "ఓవర్" అనాలి. అంటే, నాది అయింది, ఇక నీ వంతు అని. ఒకరు నోరు విప్పితే నలభై ఇళ్ళు వినేవి. పొద్దున్నే జబ్బుపడ్డవాళ్ళు డాక్టరుతో మాట్లాడుకోవడం అయ్యాక ఒక గంట ఆడవాళ్ళ కబుర్లకి వదిలేవారు. దాన్ని చిలకల గంట అనేవారు. ఆ పేరు పెట్టింది మగవాళ్ళు. పొయ్యి పక్కన టీ చల్లారబెట్టుకుని మరీ చెవులు రిక్కించి వినేదీ వాళ్ళే.

రేడియోలు పోయి ఫోన్లు వచ్చినప్పుడు అందరూ పెట్టెతోపాటు ఆ మాటనీ కొట్టంలో పడేశారు. నోలీన్ పెట్టెను పడేసింది, మాటను ఉంచుకుంది. కుక్కకి మాంసం పెట్టి "తిను, ఓవర్" అంటుంది. ఆ ఓవర్ వినపడేదాకా కుక్క గిన్నెలో మూతి పెట్టదు. ఒకసారి ఆవిడకి జలుబు చేసి గొంతు పోతే కుక్క రెండు రోజులు పస్తు ఉంది.

ఆ మాటంటే ఆవిడకి అంత పట్టింపు రావడానికి కారణం క్లెమ్. క్లెమ్ రెండువందల కిలోమీటర్ల అవతల కంచెలు కాసే కుర్రాడు. ఆవు ఈనితే తప్ప నోరు విప్పని రకం. ఒక పొద్దున చిలకల గంట మధ్యలో మీట నొక్కి, "నోలీన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా" అన్నాడు. అని మీట వదిలేశాడు. కంగారులో ఓవర్ అనడం మరిచిపోయాడు.

ఓవర్ అననిదే ఇంకొకరు మాట్లాడకూడదు. రేడియో కేంద్రంలో మిస్ పెట్రీ అని ఒకావిడ ఉండేది. ఆ నియమం తప్పితే కరువొచ్చినంత కోపం ఆవిడకి. నోలీన్ మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది. నలభై వంటిళ్ళు కూర్చున్నాయి. ఒక ఇంట్లో జామ్ మాడింది. ఇంకో ఇంట్లో చంటిపిల్లాడు రెండుసార్లు తడిపాడు, ఎవరూ లేవలేదు. పదకొండు నిమిషాలు గడిచాక మిస్ పెట్రీ గొంతే వినపడింది.

"క్లెమ్, ఓవర్ అను నాయనా. పిల్లని జవాబు చెప్పనియ్యి. ఓవర్."

"ఓవర్" అన్నాడు క్లెమ్.

"అలాగే. ఓవర్" అంది నోలీన్.

ముప్పైతొమ్మిది వంటిళ్ళు చప్పట్లు కొట్టాయి గాని, తమ వంతు కాదు కనక మీట ఎవరూ నొక్కలేదు.

తరవాత గుట్ట మీద ఇనప స్తంభం లేచింది, ఇంటింటికీ ఫోను వచ్చింది. ఇక ఊరంతా వినకుండా మాట్లాడుకోవచ్చు అని అందరూ సంబరపడ్డారు. మొదటి వారం ఒకరి రహస్యాలు ఒకరికి చెప్పుకున్నారు. అవన్నీ ఎదుటివాళ్ళకి ఏనాడో తెలుసని రెండోవారం తేలింది. మూడోవారం నుంచి ఎవరి ఇంట్లో వాళ్ళు నిశ్శబ్దంగా ఉన్నారు. "పక్కింట్లో ఏం వండారో తెలియకపోతే నేనేం వండను? ఓవర్" అని నోలీన్ ఫోను కంపెనీకి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. వాళ్ళు ఓవర్ చూసుకోలేదేమో అనుకుంది.

ఈ కథలో ఎక్కువ ఇబ్బంది పడ్డవాడు ఆవిడ తమ్ముడి కొడుకు లయల్. రేడియో బడిలో చదివాడు, మధ్యలో మానేశాడు. మానెయ్యడానికి గుమ్మం దాటాల్సిన పని కూడా లేకపోయింది, మీట తిప్పాడు. ఇప్పుడు ఇళ్ళ కప్పుల మీద ఇంటర్నెట్ గిన్నెలు బిగిస్తాడు. అటువైపు పని ఉంటే, క్లెమ్ పోయాక ఒంటరిగా ఉన్న అత్త ఇంట్లోనే మకాం. కొత్తగా ఏ యంత్రం వచ్చినా ముందు లయల్ జేబులోకి వచ్చి, తరవాతే లోకంలోకి వెళ్ళాలని అతని నమ్మకం.

ఒకరోజు బ్యాంకుకు ఫోను చేసి అత్త చేతికిచ్చాడు. "మీ ఫోను మాకు ఎంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి" అంది లోపలి గొంతు. లయల్ కంచె దాకా వెళ్ళి, రెండు గొళ్ళాలు మార్చి తిరిగొచ్చాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అత్త అలాగే ఉంది.

"పెట్టెయ్యత్తా. అది యంత్రం."

"పాపం, ఆ అమ్మాయి ఓవర్ అనడం మరిచిపోయింది. ఇలా మరిచిపోయినవాళ్ళు నాకు తెలుసు. కాస్త ఆగితే అంటారు. ఓవర్."

ఇదంతా అతను భరించాడు. పొద్దున ఏడింటికి జరిగే తంతును మాత్రం భరించలేకపోయాడు. నోలీన్ బల్ల ముందు కూర్చుని, అట్ట చిరిగిన పుస్తకం తెరిచి, ఏడుగురికి ఫోను చేస్తుంది. ఏడుగురినీ ఒక్కటే అడుగుతుంది. మొదటి పేరు డార్సీ. తొంభై కిలోమీటర్ల అవతల డ్రై బకెట్ అనే పశువుల ఎస్టేటులో ఉంటాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు, ఒంటరి. మాటలు డబ్బాలో దాచుకుని పండక్కి తీసే రకం.

"డార్సీ, వాన ఎంత పడింది? ఓవర్."

"సున్నా. ఓవర్."

"మబ్బులున్నాయా? ఓవర్."

"లేవు. ఓవర్."

అక్కడ చినుకు పడి పద్నాలుగు నెలలైంది. వానకొలత గొట్టంలో సాలీడు పిల్లల్ని కూడా పెట్టింది. అయినా రోజూ సున్నా చెప్పించుకుని, పుస్తకంలో సున్నా వేసుకుంటుంది.

లయల్ ఆవిడకి కొత్త ఫోను కొనిచ్చి, తెర మీద మబ్బుల పటం చూపించాడు. "ఇదిగో అత్తా, ఎవరింట్లో ఎంత పడిందో అన్నీ ఇందులో ఉన్నాయి. ఎవర్నీ విసిగించక్కర్లేదు."

నోలీన్ కళ్ళజోడు సర్దుకుని తెరను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో డార్సీ ఉన్నాడా? ఓవర్."

"డార్సీ ఎందుకుంటాడు?"

"అయితే నువ్వే చూసుకో. ఓవర్."

మర్నాడు పొద్దున లయల్ రొట్టె కాల్చుకుంటుండగా అత్త యథాప్రకారం మొదలుపెట్టింది.

"డార్సీ, వాన ఎంత పడింది? ఓవర్."

చాలాసేపటికి జవాబు వచ్చింది. "సున్నా."

నోలీన్ పెన్సిలు సున్నా వెయ్యలేదు. ఆగింది. లయల్ రొట్టె ఒకవైపు మాడింది. ఆవిడ ఇంకా ఆగింది. తరవాత ఫోను పెట్టెయ్యకుండా బల్ల మీద బోర్లించి, కొక్కేనికి ఉన్న బండి తాళాలు అందుకుంది.

"ఎక్కడికత్తా? సున్నా అన్నాడుగా."

"ఓవర్ అనలేదు. పద. ఓవర్."

"మరిచిపోయుంటాడు."

"ముప్పైరెండేళ్ళుగా మరిచిపోలేదు. ఓవర్."

లయల్ బండి తోలాడు. ఆవిడ వైద్యపు పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. దారిలో అతను రెండుసార్లు నవ్వబోయాడు, అత్త మొహం చూసి మింగేశాడు. రొట్టె తినకుండా వచ్చినందుకు తిట్టుకుందామనుకున్నాడు, అదీ కుదరలేదు. ఎనభై ఏళ్ళ మనిషి గేటు గేటుకీ దిగి తానే తీసింది. లయల్ బండి దిగేలోపే మళ్ళీ వేసింది కూడా.

డ్రై బకెట్ వంటింట్లో డార్సీ నేల మీద ఉన్నాడు. కిందటి సాయంత్రం గాలిమర నిచ్చెన మీంచి పడ్డాడు. మోచేతుల మీద ఇంటిదాకా పాక్కుంటూ వచ్చి, తెల్లవారి ఫోను మోగాక తీగ పట్టి దాన్ని బల్ల మీంచి కిందికి లాక్కున్నాడు. అది ఇంకా చెవి పక్కనే ఉంది. కాలు ఏ కాలూ తిరగకూడని వైపు తిరిగి ఉంది. పెదవులు ఎండిపోయాయి.

నోలీన్ అతని పక్కన కూర్చుని, కాసిని నీళ్ళు పట్టింది.

"ఇప్పుడు చెప్పు. ఓవర్."

"కాలు విరిగింది. ఓవర్" అన్నాడు డార్సీ.

లయల్ గోడకి ఆనుకున్నాడు. "ఫోనులో ఆ మాట చెప్పకూడదా పెద్దాయనా? సున్నా అని ఊరుకున్నారేం?"

"అడిగింది వాన గురించి కదా."

"అయితే ఆ తరవాతైనా..."

"ఇంకా చెప్పాల్సింది ఉంది. ఊపిరి అందలేదు. అందుకే ఓవర్ అనలేదు." డార్సీ నోలీన్ వైపు తల తిప్పాడు. "ఇంతలో నువ్వు పోయావు. ఓవర్."

"పోలేదు. బండెక్కాను. ఓవర్."

డాక్టరును తెచ్చే విమానానికి కబురు పెట్టింది లయలే, తన కొత్త ఫోనుతోనే. ఈ సంగతి తరవాత అతను కథ చెప్పిన ప్రతిసారీ చెప్పాడు. విమానం రావడానికి గంటన్నర పడుతుందన్నారు. నోలీన్ డార్సీ కాలికి రెండువైపులా చెక్కలు పెట్టి కడుతూ, జేబులోంచి చిరిగిన పుస్తకం తీసి లయల్ మీదికి విసిరింది.

"మిగతా ఆరుగురూ ఎదురుచూస్తుంటారు. వాన అడుగు. ఓవర్."

లయల్ వరండాలోకి వెళ్ళి మొదలుపెట్టాడు. మొదటి మోతకే ఎత్తారు. "నోలీన్‌కి ఏమైంది? తొమ్మిదైంది, ఇంకా చెయ్యలేదేం?" అంది ఒక ముసలావిడ. రెండో ఆయన బండి తాళాలు చేతిలో పట్టుకునే ఉన్నానన్నాడు. మూడో ఇంట్లో ఎత్తిన మనిషి నోలీన్ బాగానే ఉందని విని గట్టిగా ఊపిరి వదిలింది. ఆరో పేరు దగ్గరికి వచ్చేసరికి లయల్‌కు ఒక సంగతి వెలిగింది. పుస్తకంలో ఏడు ఇళ్ళున్నాయి, ఏడు ఇళ్ళలోనూ ఒక్కొక్క మనిషే ఉన్నారు. పుస్తకం వెనక్కి తిప్పాడు. ముప్పైరెండేళ్ళ సున్నాలు. మధ్యమధ్య ఎక్కడో మూడు మిల్లీమీటర్లు, పదకొండు మిల్లీమీటర్లు. వానకోసం పుస్తకం పెట్టుకున్నవాళ్ళెవరూ ఇన్ని సున్నాలు భరించరు.

"వాన ఎంత?" అన్నాడు ఆరో ఇంటికి. అవతల నిశ్శబ్దం. లయల్ గొంతు సవరించుకుని అటూ ఇటూ చూశాడు, చుట్టుపక్కల కంగారూ కూడా లేదని రూఢి చేసుకున్నాడు. "ఓవర్" అన్నాడు.

"సున్నా. ఓవర్" అంది అవతలి గొంతు వెంటనే.

మూడు నెలల తరవాత మరింగాలో గుర్రప్పందాల రోజు, పందాలయ్యాక, రేకుల హాల్లో లయల్ బీరు గ్లాసుతో బెంచీ ఎక్కాడు. తొంభై కిలోమీటర్లు అతని నోట్లో మూడువందలయ్యాయి. దారిలో ఎండిన ఏరుకి వరద వచ్చింది. గేట్లు తియ్యడానికి టైం లేక అత్త పన్నెండు గేట్లు బండితో గుద్దించేసింది. పనిలోపనిగా పాదిరిగారి దగ్గర "స్వీకరిస్తాను, ఓవర్" కథ కూడా చెప్పి హాలంతా నవ్వించాడు. ఊతకర్రలు పక్కన ఆనించుకున్న డార్సీ నవ్వలేదు గాని, రెండో బీరు తెప్పించుకున్నాడు. అతని వరకూ అది నవ్వే.

మూల కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నోలీన్ మొత్తం విన్నది. ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. లయల్ కథ ముగించి, అందరూ చూస్తుండగా అత్త వైపు గ్లాసు ఎత్తి, "ఓవర్" అన్నాడు.

ఆవిడ గొంతు సవరించుకుంది.

"గేట్లు నాలుగు, అన్నీ తీసి వేశాను. పెళ్ళిలో ఓవర్ అన్నది నేను కాదు, క్లెమ్. ఒకసారి మరిచిపోయి బుద్ధి తెచ్చుకున్నాడు. ఓవర్."