ఎలుగుబంటి నీళ్ళు ఎప్పుడు మింగింది

ఆ పాత కార్టూన్ చివర్లో ఎలుగుబంటి కోపాన్ని జయించింది, అది చూసి కాకి సిగ్గుపడింది అని అందరూ చెబుతారు. వాళ్ళెవరూ సరిగ్గా చూడలేదు.

కథ చిన్నదే. ఎలుగు తన గుడిసె మీద కప్పుకున్న గడ్డిని కాకి రోజూ పీక్కుపోతుంది. ఎలుగు మండిపడుతుంది. కోపమొస్తే నోటినిండా నీళ్ళు పట్టి కూర్చోమని తాబేలు సలహా ఇస్తుంది. చివర్లో ఎలుగు నీళ్ళతో బుగ్గలు పూరించుకుని, గుడిసె పక్కనే కాకి గూడున్న చెట్టు కింద కూర్చుంటుంది. కదలదు. కాకి గడ్డి తెచ్చి మళ్ళీ కప్పు మీద పెడుతుంది.

శ్రీసిటీలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో దీన్ని మాకు చూపించారు. మాకు అంటే, వడమాలపేట దగ్గర మా ఊరి ఆడవాళ్ళకు. ఇదివరకు కంపెనీ బస్సు ఊళ్ళోకి వచ్చేది. డీజిల్ దండగని హైవే మీదే దించడం మొదలుపెట్టారు. చీకటి పడే వేళ లారీల పక్కన, దీపం లేని దారిలో ఇంటికి నడవాలి. రవాణా చూసే ఆయన్ని నిలదీశాను. నా గొంతు చిన్నది కాదు. దానికి మందు ఈ కార్టూన్.

"ఎలుగు నీళ్ళు మింగింది, అంటే కోపం పోయింది. అప్పుడే కాకి మారింది. చూశారా మేడమ్?" అన్నాడు శిక్షణ ఇచ్చే కుర్రాయన.

"మళ్ళీ వెయ్యి నాయనా," అన్నాను. వేశాడు. "ఈడ ఆపు. గడ్డి కప్పు మీదికి వచ్చిందా? వచ్చింది. ఎలుగు బుగ్గలు సూడు, ఇంకా నిండుగానే ఉండాయి. గడ్డి వచ్చినాకే మింగింది."

"ఏది ముందైతే ఏముంది మేడమ్?"

"మా హైవే మీద దిగి నడువు, తెలుస్తాది."

"అయితే మనమూ నీళ్ళు పడదామక్కా," అంది మా పక్కింటావిడ. నవ్వులాటకే అంది. నేను నవ్వలేదు.

ఆ సాయంత్రం హైవే మీద బస్సు ఆగకముందే అందరం సీసాలెత్తి నోళ్ళు నింపుకున్నాం. డ్రైవరు తలుపు తీశాడు. ఎవరూ లేవలేదు.

"దిగండమ్మా."

పలికేవాళ్ళు లేరు.

"ఏమక్కా, అందరికీ ఒకేసారి పన్నునొప్పా?"

పక్కింటావిడకు నవ్వొచ్చి ముక్కులోంచి నీళ్ళు కారాయి. మోచేత్తో పొడిచాను. మళ్ళీ నింపుకుంది.

డ్రైవరు రవాణా ఆయనకు ఫోన్ చేశాడు. "తిడతా ఉండారా?" అని అటునుంచి మాకూ వినబడింది.

"లేదు సార్, బుగ్గలు పూరించుకుని కూసోనుండారు. తిట్టింటే నేనూ నాలుగు తిట్టి దింపేసుంటాను."

కాసేపటికి బస్సు ఊరి వైపు తిరిగింది. ఊళ్ళో పాలకేంద్రం ముందు కిందికి దిగాకే మింగాం.

ఇప్పుడు రోజూ ఊళ్ళోకే వస్తోంది. శిక్షణ బాగా పనిచేసిందని పైవాళ్ళు చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. మేము మాత్రం సీసాలు నింపుకునే ఎక్కుతున్నాం.

నాకు తేలనిది ఒకటే. నీళ్ళు పట్టమని ఎలుగుకు చెప్పడానికి అంత దూరం నడిచొచ్చిన తాబేలు, కప్పు పీకొద్దని కాకితో ఒక్క మాటైనా ఎందుకు అనలేదు?