నిన్న సాయంత్రం నాలుగింటికి లావా ఎక్కడుంది

ఈ ఉదయం గాలి మళ్లింది. కిటికీ తెరవగానే అగ్గిపుల్ల గీసి ఆర్పేసినప్పటి ఘాటు వాసన ఇంట్లోకి వచ్చింది. అగ్నిపర్వతం మీది గంధకపు పొగ అది. హవాయి దీవుల్లోకెల్లా పెద్దదైన ఈ దీవిలో పదకొండేళ్లుగా ఉంటున్నాను కనుక ఆ వాసన కొత్త కాదు. గొంతు మండుతుంది, ఇంటికప్పు నుంచి వాననీళ్లు పట్టే తొట్టికి మూత సరిగా ఉందో లేదో చూసుకుంటాం, అంతే. కాని కిందటేడు నుంచి ఆ వాసన తగిలితే చాలు, స్టూలు మీద నిలబడి వంటింటి కిటికీ తుడుస్తున్న హారియెట్ ఆంటీ కళ్లముందుకు వస్తోంది.

అది 2014 అక్టోబరు చివరి వారం. ఆమె పెరట్లోకి లావా వచ్చిన రోజు. వీధి మొగలో కాపలా ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండింటిదాకానే లోపల ఉండనిస్తామన్నారు. ఆమెను కారెక్కించి తీసుకురావడానికి నేనూ నా భార్య సరళా వెళ్లాం. ఆంటీ వెనిగర్ నీళ్లలో పాత పేపరు ముద్ద ముంచి అద్దం రుద్దుతోంది. ఆ అద్దంలోంచి పెరటి చివర గడ్డి కాలుతూ కనిపించింది. మంటల వెనక నడుమెత్తున నల్లటి గట్టు. చూడగానే కదులుతున్నట్టు ఉండదు. చూస్తూ ఉంటే ఒకచోట చిట్లుతుంది, లోపలి ఎరుపు కాలి బొటనవేలులా ఉబ్బి ముందుకు జారుతుంది, మళ్లీ నల్లబడుతుంది. గాజుపెంకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఆగకుండా చిటపటలు. ఉండుండి నేల అడుగున చేరిన వాయువు ఎక్కడో పేలి, ఫిరంగి మోతలా కాళ్లకింద అదిరేది.

"అలా నిలబడకు మోహన్. ఆ చీపురు అందుకో" అంది ఆంటీ వెనక్కి తిరగకుండానే.

"ఇప్పుడు ఊడ్చి ఏం చేస్తాం ఆంటీ? పదండి, వెళ్లిపోదాం."

"వంటిల్లు అయింది. ముందుగది మిగిలింది."

సరళ నావైపు చూసింది. "ఏవండీ, నాకు భయమేస్తోందండీ. ఈవిడ ఇంకా ఫ్లోర్ క్లీన్ చేస్తానంటుందేంటి?" అని తెలుగులో అంది. అంటూనే చీపురు తీసుకుంది. నేను అందుకోలేదు. నా చూపు కిటికీ వదిలి రాలేదు.

ఆమె ఎవరో చెప్పాలి. హారియెట్ ఆంటీ తల్లి హవాయి మనిషి, తండ్రి చెరకు తోటల్లో పనికి వచ్చిన జపాను కుటుంబంవాడు. ఇక్కడ పెద్దవాళ్లందరినీ, చుట్టరికం ఉన్నా లేకపోయినా, ఆంటీ అంకుల్ అనే పిలుస్తారు. ఆ అలవాటు ఒక్కటే మాకు మొదటి రోజు నుంచీ కొత్తగా అనిపించలేదు. బట్టలు ఉతికే యంత్రాల దుకాణం వెనక గదిలో ఆమె ఒక వారపత్రిక నడిపేది. ఎనిమిది పేజీలు. 2004లో సరళకు ఇక్కడి బడిలో టీచరు ఉద్యోగం వస్తే వెంట వచ్చినవాణ్ణి నేను. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కు మీద పదమూడేళ్లు పనిచేశానని చెబితే ఆమె అడిగింది ఒక్కటే. "ఏ వార్తలు బాగా రాస్తావు?"

"తుఫాన్లు" అన్నాను.

నవ్వి, కారు తాళాలు తీసింది. సముద్రం ఒడ్డున తారురోడ్డు ఒకచోట తెగిపోయి, గడ్డకట్టిన లావా నల్లరాతి కిందికి వెళ్లిపోతుంది. మధ్య పసుపు గీత కూడా సగంలో రాతికింద మాయమవుతుంది. కారు అక్కడ ఆపింది. ఆ రాయి మీద కొంతదూరం నడిచాక ఆగి, "నేను పుట్టిన ఇల్లు ఇక్కడే. నీ చెప్పులకింద" అంది. తర్వాత ఈ దీవుల సంగతి చెప్పింది. భూమి అడుగున నిప్పు ఒకచోటే ఉంటుంది, దాని మీంచి సముద్రపు నేల మెల్లగా వాయవ్యానికి జరుగుతుంది, జరిగినప్పుడల్లా ఒక దీవి పుట్టి ముందుకు వెళ్లిపోతుంది. దూరం వెళ్లిన ముసలి దీవులు అరిగి, కుంగి, నీళ్లలో మునిగిపోయాయి. "మాది ఆఖరి పిల్ల. అందుకే ఇంకా ఏడుపు మానలేదు" అంది. దక్షిణాన నీళ్లకింద ఇంకొకటి పెరుగుతోందనీ, అది తల బయట పెట్టేనాటికి మనం ఎవరమూ ఉండమనీ చెప్పింది. పట్టణమైన హీలోను ఆమె ఎరుకలోనే రెండుసార్లు సముద్రం ఊడ్చుకుపోయింది. ఇవన్నీ ఆమె సంతలో ధరలు చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం అడుగు తీసి అడుగు వేయాలంటే భయం వేసింది.

నా భయానికి వేరే మూలం ఉంది. నాది దివిసీమ. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి నాకు ఎనిమిదేళ్లు. నీళ్లు వస్తున్నాయన్న కబురు మా వీధికి అందలేదు. మా పెదనాన్న నన్ను డాబా మీదికి విసిరేసి, మా పెద్దమ్మ కోసం వెనక్కి వెళ్లాడు. ఇద్దరూ రాలేదు. పేపర్లో చేరాక తుఫాను వార్త నా చేతికి వస్తే, తీరం దాటే వేళ ఎంతో పెద్ద అక్షరాల్లో లేకుండా పేజీ వదిలేవాణ్ణి కాదు. ఎప్పుడు వస్తుందో చెప్పడమే పేపరు పని అని నమ్మాను. ఆ నమ్మకం నాతోపాటే విమానం ఎక్కింది.

2014 వేసవిలో కొండ తూర్పు పక్క పగులులోంచి లావా బయలుదేరి అడవి మీదుగా మా ఊరివైపు తిరిగింది. సెప్టెంబరులో ఆంటీ కంటి ఆపరేషన్‌కని వేరే దీవిలో ఉన్న హోనొలులు వెళ్లింది. ఆ వారం సంచిక నేనొక్కణ్ణే తెచ్చాను. లావా రోజుకు ఎంత నడుస్తోందో తెలుసు, మెయిన్ రోడ్డు ఎంత దూరమో తెలుసు. భాగించాను. "గురువారానికి మెయిన్ రోడ్డుకు లావా" అని మొదటి పేజీలో పెట్టాను.

బెన్నీ అంకుల్ అది చదివాడు. అతనిది ఫిలిప్పీన్స్ నుంచి తోటపనికి వచ్చిన కుటుంబం. ముప్పై ఏళ్లుగా నల్లటి వలకప్పు కింద ఆంతూరియం పూలు పెంచుతున్నాడు. మూడు రోజుల్లో మొక్కలన్నీ పెరికి, ట్రక్కుల్లో హీలో తీసుకెళ్లి, అడిగి తీసుకున్న రేకుల షెడ్డులో ఒకదానిమీద ఒకటి పేర్చాడు. లావా మంగళవారం ఒక నెర్రెలోకి దిగి ఆగిపోయింది. గురువారం వాన పడింది. షెడ్డులో మొక్కలు కుళ్లిపోయాయి.

ఆంటీ తిరిగి రాగానే నన్ను అతని దగ్గరికి తీసుకెళ్లింది. బెన్నీ ఖాళీ వరుసల మధ్య తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు.

"రావయ్యా గురువారం, రా" అన్నాడు నన్ను చూసి. "ఇవాళ ఏ వారం? నువ్వు చెబితేగాని నాకు తెలియదు."

సాయంత్రందాకా ముగ్గురం ఆ కుళ్లిన వేళ్లను గంపలతో ఎత్తి గోతిలో పోశాం. ఇంటికి వస్తూ కారులో ఆంటీ అడిగింది.

"ఆ హెడ్డింగ్ పెట్టేటప్పుడు భయమేసిందా?"

"లేదు ఆంటీ. లెక్క వేశాను."

"భయమేసింది కాబట్టే లెక్క వేశావు. భయపడ్డవాడికి ఒక తేదీ కావాలి. ఏదైనా సరే. తేదీ దొరికితే అప్పటిదాకా నిద్రపోవచ్చు. నువ్వు నిద్రపోవడానికి బెన్నీ చేత తోట పెరికించావు."

పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. తీసేయలేదు. మర్నాడు తన పెరటి సరిహద్దు నుంచి వంటింటిదాకా పదేసి అడుగులకు ఒక వెదురుగడ పాతించింది నాచేత. అప్పటినుంచి మొదటి పేజీలో ఒక పెట్టె. అందులో రెండే సంగతులు ఉండేవి. నిన్న సాయంత్రం నాలుగింటికి లావా ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది. రేపటి గురించి అందులో ఏమీ ఉండకూడదు. ఊళ్లో కొందరు తిట్టారు. "ఎప్పుడొస్తుందో చెప్పని పేపరెందుకు?" అని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. అది నా మాటే.

అక్టోబరులో లావా మళ్లీ కదిలింది. ఈసారి మొదటి ఇల్లు ఆంటీది. అదే దారిన వస్తే ఆరో ఇల్లు మాది. సముద్రం అవతల శాన్ రామన్‌లో ఉండే మా బావమరిది రోజూ ఫోన్ చేసేవాడు. "బావా, వోల్కెనో పక్కన ఇల్లు ఎవడన్నా కొంటాడా అసలు? రెండు టికెట్లు బుక్ చేస్తున్నా, అక్కని తీసుకుని వచ్చేయ్. ఇంతకీ ఎప్పుడు రీచ్ అవుతుందంట?"

"తెలీదురా."

"నువ్వు ప్రెస్సోడివి. నీకే తెలీదా?"

కంటి ఆపరేషన్ అయిన ఆంటీకి పెరట్లో చివరి గడలు సరిగా ఆనేవి కావు. ఎన్ని మిగిలాయో రోజూ నన్నే లెక్కపెట్టి చెప్పమనేది. నేను భయంతో తడబడితే, "మళ్లీ లెక్కపెట్టు" అనేది.

ముందుగది ఊడ్చి, తడిగుడ్డ పెట్టాక ఆమె చీపురు మూలన నిలబెట్టింది. బల్లమీద ఉతికిన గుడ్డ పరిచింది. "మా అమ్మమ్మ ఇల్లు పోయినప్పుడు ఆవిడా ఇలాగే చేసింది. పెలే వస్తుంటే తోసేయకూడదు, ఇల్లు మురికిగానూ అప్పగించకూడదు అనేది" అంది. పెలే ఇక్కడివాళ్ల అగ్నిదేవత.

"మీరు చర్చికి వెళ్తారుగా ఆంటీ?" అంది సరళ.

"వెళ్తాను. పాస్టరు వచ్చినా ఊడుస్తాను."

సరళకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆంటీ తలుపు దగ్గరికి వేసింది, తాళం వేయలేదు. కారులో కూర్చున్నాక, "మోహన్, నీకు భయంగా ఉందా?" అంది. ఉందన్నాను. "నాకూ" అంది. అంతవరకూ ఆమెకు భయం లేదనే అనుకున్నాను.

ఆ సాయంత్రం రక్షణ సిబ్బంది కొలిచి ఫోన్లో చెప్పారు. మా ఇంట్లో, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. నిన్న సాయంత్రం నాలుగింటికి లావా మా ఊరి మొదటి ఇంటి వంటగదికి ఇరవై మూడు అడుగుల దూరంలో ఉంది. తూర్పుకు తిరిగి ఉంది.

"ఇల్లు ఎవరిదో రాయనా?"

"లావా అడగలేదు. చదివేవాళ్లకెందుకు?"

ఆ వారం ఇరవై మూడు అడుగులు. తర్వాతి వారమూ ఇరవై మూడే. వెనకగోడ రంగు పొక్కులెక్కింది. గడల్లో రెండే మిగిలాయి. వీధి తెరిచాక ఆమె వెనక్కి వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఉండేది. వాన పడితే ఆ నల్లగట్టు మీంచి ఆవిరి లేచేది. ఇంకా లోపల వేడి ఉన్నట్టే కదా అంటే, ఉన్నట్టే అనేది. ఇక్కడ ఒంటరిగా నిద్ర ఎలా పడుతోందని అడిగాను. "పట్టడం లేదు. అయినా తేదీ అడగడం లేదు" అంది. ఈ ఏడాది మార్చిలో, గుండె ఆగి, ఆ ఇంట్లోనే పోయింది.

పత్రిక ఇప్పుడు నేను నడుపుతున్నాను. రేపటి మాట రాయబోయినప్పుడల్లా చేయి ఆగుతుంది. అప్పుడు లేచి వెళ్లి లావా ఎక్కడుందో చూసి వస్తాను. ఉప్పెన నాటి పిల్లవాడు నాలో ఇంకా డాబా మీదే ఉన్నాడు, ఇంకా వేళ అడుగుతూనే ఉన్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని పనిచేయడం మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

కిందటి నెల ఊరి సమావేశంలో బెన్నీ లేచి, కొండను చూసే శాస్త్రవేత్తను అడిగాడు. "మళ్లీ నాటుకోమంటారా?" ఈ పాయ ఆగిందని, పైన పగులు మాత్రం మూసుకోలేదని, మళ్లీ ఇటే వస్తుందో రాదో చెప్పలేమని ఆయన అన్నాడు. బెన్నీ నావైపు తిరిగాడు. నేను తల దించుకోలేదు, జవాబూ ఇవ్వలేదు. అతను సగం వరుసలకు కొత్తమట్టి పోసి ఆగాడు. మిగతా సగం ఇంకా ఖాళీగానే ఉంది.